ఖితోన్: గ్రీకుల లోవస్త్రం నుంచి రొయ్య పొట్టు దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

గ్రీకు శిల్పాల గురించి చదివేవారికి ఖితోన్, జంతుశాస్త్ర విద్యార్థులకు కైటన్ (రాళ్లను అంటిపెట్టుకునే సముద్ర ప్రాణి), రొయ్యల రైతులకు, వ్యవసాయ అధికారులకు కైటిన్ (రొయ్య పొట్టులోని గట్టి పదార్థం). ఈ మూడూ ఒకే మాట నుంచి వచ్చాయి. వీటిని కలిపి చెప్పే పేజీ తెలుగులో ఒకటి ఉండాలనిపించి, ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ఖితోన్ అంటే ఏమిటి?

ప్రాచీన గ్రీకులు ఒంటికి ఆనుకునేలా వేసుకున్న వస్త్రం. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అందరూ ధరించేవారు. దీన్ని కొలతకు కత్తిరించి కుట్టేవారు కాదు. మగ్గం మీద నేసిన దీర్ఘచతురస్రపు గుడ్డను అలాగే ఒంటికి చుట్టి, భుజాల దగ్గర పిన్నీసులతోనో చిన్న బొత్తాలతోనో కలిపి, నడుముకు కట్టు బిగించేవారు. చీర, పంచె కట్టే వాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. గుడ్డకు ఆకారం ఇచ్చేది దర్జీ కాదు, కట్టుకునే మనిషే.

పేరును ఎలా పలకాలి?

ప్రాచీన గ్రీకు ఉచ్చారణను తెలుగు లిపిలో దాదాపు ఉన్నదున్నట్టు రాయవచ్చు: ఖితోన్. మొదటి అక్షరం ఒత్తు ఖ, రెండోది దంత్యమైన త, దాని మీద దీర్ఘం. ఇంగ్లీషు మీదుగా వచ్చిన ఉచ్చారణ కైటన్. ఈ పేజీలో బట్టకు ఖితోన్ అనీ, సముద్ర ప్రాణికి కైటన్ అనీ రాస్తున్నాను. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసిన అయోనియా (నేటి టర్కీ పడమటి తీరం) మాండలికంలో దీని రూపం కిథోన్. ఒత్తు మొదటి అక్షరం నుంచి రెండోదానికి మారింది.

ఇది అచ్చమైన గ్రీకు మాటేనా?

కాదనే భాషా చరిత్రకారుల అభిప్రాయం. ప్రాచీన మెసొపొటేమియా భాష అక్కాడియన్‌లో అవిసెనారకూ ఆ నార బట్టకూ కితూ అనేవారు. హీబ్రూలో కుత్తోనెత్ అంటే అంగీ. ఫినీషియన్ వర్తకులు నార బట్టతో పాటు దాని పేరునూ గ్రీకులకు ఇచ్చి ఉంటారని ఎక్కువమంది పండితులు భావిస్తారు. ఆ రాక చాలా పాతది. 1952లో మైఖేల్ వెంట్రిస్ ఛేదించిన లీనియర్ బి అనే అతి పాత గ్రీకు లిపి పలకల్లో కి-తో అనే మాట ఉంది. అంటే హోమర్ కావ్యాలకు ఎన్నో శతాబ్దాల ముందే, క్రీట్ ద్వీపంలోని క్నోసోస్ రాజభవనపు లెక్కల్లోకి ఈ వస్త్రం ఎక్కింది.

లాటిన్ తునికా కూడా ఇదే మూలం నుంచి, అక్షరాలు అటూ ఇటూ మారి వచ్చిందంటారు. ఇంగ్లీషు ట్యూనిక్ అందులోంచి పుట్టింది.

ఖితోన్, పెప్లోస్, హిమాతియోన్, క్లామిస్: ఇవన్నీ ఒకటేనా?

కాదు. ఖితోన్ లోపలి వస్త్రం. హిమాతియోన్ దాని మీద కప్పుకునే పెద్ద పైవస్త్రం. క్లామిస్ గుర్రపు రౌతులు, సైనికులు, ప్రయాణికులు ఒక భుజం దగ్గర పిన్నీసుతో బిగించుకునే పొట్టి పైబట్ట. పెప్లోస్ ఆడవాళ్ల బరువైన ఉన్ని వస్త్రం. ఆధునిక పుస్తకాలు దాన్నే డోరిక్ ఖితోన్ అని కూడా పిలవడం వల్ల గందరగోళం వస్తుంది.

డోరిక్, అయోనిక్ ఖితోన్‌లకు తేడా ఏమిటి?

డోరిక్‌ది ఉన్ని. గుడ్డ పై అంచును బయటికి మడిచి, ఆ మడతను ఛాతీ మీద వేలాడనిస్తారు. భుజాల దగ్గర రెండు పెద్ద పిన్నీసులు చాలు. చేతులు లేవు. ఏథెన్స్ ఆక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్న, క్రీ.పూ. 530 ప్రాంతపు పెప్లోస్ కోరె (కోరె అంటే యువతి) విగ్రహానికి ఆ పేరు ఈ కట్టు వల్లే వచ్చింది.

అయోనిక్‌ది పలుచని నార బట్ట, వెడల్పు చాలా ఎక్కువ. భుజం నుంచి మోచేయి దాకా వరుసగా చిన్న బొత్తాలు పెడితే గుడ్డే చేతులుగా ఏర్పడుతుంది. నడికట్టు పైన గుడ్డను కొద్దిగా పైకి లాగి సంచిలా వదిలేస్తారు. సన్నని కుచ్చిళ్లు ఒంటి మీదుగా నీళ్లలా జారుతాయి. ఆ మ్యూజియంలోనే ఉన్న ఇతర కోరె విగ్రహాల్లో ఎక్కువ వాటికి ఈ కట్టే కనిపిస్తుంది.

ఒకదాని నుంచి మరొకదానికి మారడం వెనుక హెరోడోటస్ ఐదో సంపుటంలో ఒక భయంకరమైన కథ చెబుతాడు. ఏథెన్స్ వాళ్లు ఐగినా ద్వీపం మీదికి దండెత్తి ఓడిపోయారు. ఒక్కడే బతికి ఇంటికి చేరాడు. తక్కినవారి భార్యలు అతణ్ని చుట్టుముట్టి, నా భర్త ఏడీ, నా భర్త ఏడీ అని అడుగుతూ తమ వస్త్రాల పిన్నీసులతో పొడిచి చంపేశారు. యుద్ధంలో ఓటమి కన్నా ఈ పని ఏథెన్స్ వాళ్లను ఎక్కువ కలవరపెట్టింది. ఇక మీదట ఆడవాళ్లకు పిన్నీసులు అవసరం లేని నార ఖితోన్ కట్టాలని నిర్ణయించారట. దానికి ఎదురుగా ఆర్గోస్, ఐగినా వాళ్లు తమ పిన్నీసుల పొడవును సగం మేర పెంచారట. ఫ్యాషన్ మార్పుకు ఇదే అసలు కారణమని నేను నమ్మను. తూర్పు దేశాలతో సాగిన నార బట్టల వ్యాపారమే పెద్ద కారణం అయి ఉంటుంది. అయినా ఈ కథకు విలువ ఉంది. డోరిక్ పిన్నీసు ఎంత పొడవైనదో, ఎంత పదునైనదో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అదే చోట హెరోడోటస్ ఇంకో మాట చేరుస్తాడు: ఈ నార కట్టు నిజానికి అయోనియాది కాదు, దాని పొరుగున ఉన్న కారియాది, పూర్వం గ్రీకు స్త్రీలంతా డోరిక్ కట్టే కట్టేవారు.

మగవాళ్లలో మార్పు మరో దిక్కుకు సాగింది. ఏథెన్స్‌లోని సంపన్న వృద్ధులు నార ఖితోన్‌లు తొడిగి, జుట్టు ముడిలో బంగారు ఈలపురుగు బొమ్మలు పెట్టుకునే అలవాటును మానుకుని ఎంతో కాలం కాలేదని ఏథెన్స్ చరిత్రకారుడు థూకిడిడీస్ రాశాడు. సాదా దుస్తులను ముందుగా అలవాటు చేసుకున్నది స్పార్టా వాళ్లని కూడా ఆయనే చెప్పాడు.

హోమర్ కావ్యాల్లో ఖితోన్ ఎలా కనిపిస్తుంది?

ఈ మాటకు తర్వాత వచ్చిన అర్థాలన్నిటికీ విత్తనాలు అక్కడే ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగుతాను.

హోమర్ దృష్టిలో ఖితోన్ మగవాళ్లది, పెప్లోస్ ఆడవాళ్లది. ఇలియడ్ ఐదో సర్గలో యుద్ధానికి బయలుదేరే అథీనా తాను స్వయంగా నేసిన పెప్లోస్‌ను తండ్రి ఇంటి గడప మీద జారవిడిచి, జ్యూస్ ఖితోన్‌ను తొడుక్కుంటుంది. అక్కడ కట్టు మారితే పాత్రే మారిపోతుంది.

గ్రీకు వీరులకు హోమర్ పదేపదే వాడే విశేషణం ఖల్కోఖితోనెస్, కంచు ఖితోన్ ధరించినవారు. అంటే కవచధారులు. మెత్తటి బట్టకు పెట్టిన పేరు అప్పటికే గట్టి పెంకు మీదికి పాకింది.

ఇలియడ్ మూడో సర్గలో పారిస్‌ను హెక్టర్ తిట్టే తీరు ఇంకా తీవ్రమైనది. ట్రాయ్ జనం పిరికివాళ్లు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈపాటికి నువ్వు రాతి ఖితోన్ తొడిగి ఉండేవాడివి అంటాడు. జనం రాళ్లతో కొట్టి చంపి ఉండేవారని దాని భావం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒడిస్సీ పంతొమ్మిదో సర్గలోని పోలిక. మారువేషంలో ఉన్న ఒడిస్సియస్ తన భార్య పెనెలోపికి, తానెవరో చెప్పకుండానే, ఆమె భర్త ఆనవాళ్లు చెబుతూ, అతని ఖితోన్ ఎండిన ఉల్లి మీది పొరలా మెత్తగా, సూర్యుడిలా మెరుస్తూ ఉండేదంటాడు. చాలామంది స్త్రీలు దాన్ని చూసి ముచ్చటపడ్డారట. ఇప్పటికీ వృక్షశాస్త్రజ్ఞులు ఉల్లిగడ్డను ట్యూనికేటెడ్ బల్బ్ అంటారు, తునికా కప్పిన గడ్డ అని అర్థం. హోమర్ బట్టను ఉల్లిపొరతో పోల్చాడు, శాస్త్రం ఉల్లిపొరకు బట్ట పేరు పెట్టింది.

పొట్టి ఖితోన్ ఎవరిది, పొడుగుది ఎవరిది?

పనివాళ్లు, సైనికులు, వేటగాళ్లు, బానిసలు మోకాలి పైకి ఉండే పొట్టిది కట్టేవారు. కుడి భుజం విప్పి, ఎడమ భుజం మీద మాత్రమే నిలిపే పనివాళ్ల కట్టును ఎక్సోమిస్ అనేవారు. కమ్మరి దేవుడు హెఫైస్టస్‌ను ఆ కట్టులో చూపిస్తారు. వేట దేవత ఆర్టెమిస్‌కూ పొట్టిదే.

పాదాల దాకా జారే పొడుగు ఖితోన్ పూజారులకు, సంగీతకారులకు, రథసారథులకు. డెల్ఫీలో 1896లో దొరికిన కంచు రథసారథి విగ్రహాన్ని చూడండి. కట్టు నడుముకు చాలా పైన ఉంటుంది, భుజాల చుట్టూ పట్టీలు బిగించి ఉంటాయి. రథం వేగంగా పోతున్నప్పుడు బట్టలోకి గాలి దూరి ఉబ్బకుండా ఆ ఏర్పాటు. 1907 ప్రాంతంలో వెనిస్‌లో మరియానో ఫోర్చూనీ తయారుచేసిన సన్నని కుచ్చిళ్ల పట్టు గౌనుకు డెల్ఫోస్ అనే పేరు ఈ విగ్రహం నుంచే వచ్చింది.

కళాశాల నాటకం కోసం ఖితోన్ కట్టాలి. ఎంత గుడ్డ కావాలి?

డోరిక్ కట్టుకు గుడ్డ ఎత్తు భుజం నుంచి మడమ దాకా ఉన్న కొలతకు మరో 45 సెం.మీ. కలిపినంత. వెడల్పు, రెండు చేతులూ చాచినప్పుడు ఒక మోచేతి నుంచి రెండో మోచేతి దాకా ఉన్న దూరానికి రెట్టింపు. 160 సెం.మీ. ఎత్తున్న అమ్మాయికి సుమారు 180 సెం.మీ. ఎత్తు, 170 సెం.మీ. వెడల్పు సరిపోతుంది. అయోనిక్ కట్టుకు పైమడత ఉండదు కాబట్టి ఎత్తు తగ్గుతుంది, వెడల్పు మాత్రం వేలికొసల మధ్య దూరానికి రెట్టింపు దాకా పెంచుకోవచ్చు.

మామూలు చీర పన్నా పొడుగు ఖితోన్‌కు చాలదు, పొట్టి ఖితోన్‌కు బాగా సరిపోతుంది. పొడుగు దానికి పెద్ద పన్నా మల్మల్ నూలు గుడ్డ తీసుకోండి. పాలియెస్టర్ వద్దు, అది కుచ్చిళ్లుగా జారకుండా బుట్టలా నిలబడుతుంది. రంగు తెల్లదే ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. విగ్రహాల మీది రంగులు కాలక్రమంలో పోవడం వల్ల గ్రీకులు తెల్లబట్టలే కట్టారని ఒక అపోహ స్థిరపడింది. పెప్లోస్ కోరె మీద ఇప్పటికీ రంగుల జాడలు ఉన్నాయి.

గ్రీకులు మన దేశపు బట్టను కూడా ఖితోన్ అన్నారా?

అన్నారు. అలెగ్జాండర్ నౌకాదళాధిపతి నియార్కస్ చూసి రాసిన విషయాలను గ్రీకు రచయిత అర్రియన్ తన ఇండికా అనే పుస్తకంలో ఎత్తి రాశాడు. భారతీయులు చెట్ల నుంచి వచ్చే నారతో చేసిన బట్టలు కడతారు, పిక్కల మధ్య దాకా ఉండే ఒక ఖితోన్, భుజాల చుట్టూ ఒక పైబట్ట, తలకు చుట్టిన మరో బట్ట, అని ఆ వర్ణన. ఇది సింధు పరిసరాల ప్రజల గురించి, తెలుగు నేల గురించి కాదు. ఆ చెట్టు నార పత్తి. గ్రీకులకు పత్తితో పెద్దగా పరిచయం లేదు కాబట్టి తమకు తెలిసిన నార పేరుతోనే చెప్పారు.

తెలుగు బైబిల్లో అంగీ అన్నది ఖితోనేనా?

అవును, కొత్త నిబంధనలో చాలా చోట్ల. నీ అంగీ కావాలన్నవాడికి పైవస్త్రం కూడా ఇవ్వమన్న మత్తయి సువార్త బోధలో మూలంలోని మాటలు ఖితోన్, హిమాతియోన్. గ్రీకు కట్టు తెలిస్తే ఆ మాట బరువు బాగా అర్థమవుతుంది. లోపలిది, పైది రెండూ ఇచ్చేస్తే ఒంటి మీద ఏమీ మిగలదు. యోహాను సువార్తలో శిలువ దగ్గర సైనికులు చీట్లు వేసుకున్న కుట్టులేని అంగీ కూడా ఖితోనే. పై నుంచి కింది దాకా ఒకే నేతగా నేసినది కాబట్టి దాన్ని చింపడానికి వాళ్లకు మనసు రాలేదు.

కంటికీ ఖితోన్‌కూ సంబంధం ఉందంటారు. నిజమా?

నిజం. గ్రీకు వైద్యులు శరీరంలోని పొరలను ఖితోన్‌లు అన్నారు. ఎఫెసస్ నగరానికి చెందిన రూఫస్, ఆ తర్వాత గాలెన్ కంటి పొరలను ఈ మాటతోనే వర్ణించారు. కొమ్ములాంటి ఖితోన్ మనం కార్నియా అనేది. ద్రాక్షతొక్క లాంటిది యూవియా. వలలాంటి ఖితోన్ రెటీనా, ఈ పేరు అరబీ వైద్యుల మీదుగా లాటిన్‌లోకి చేరి వల అనే అర్థాన్ని మాత్రం ఉంచుకుని బట్టను వదిలేసింది. నేటి గ్రీకులో మాత్రం రెటీనా పూర్తి పేరులో ఖితోన్ ఇంకా ఉంది.

మన సంప్రదాయంలోనూ ఇలాంటి ఊహే స్వతంత్రంగా కనిపిస్తుంది. సుశ్రుతుడు కంటి పొరలను పటలాలు అన్నాడు, తెలుగు పాఠ్యపుస్తకాల్లోని శుక్లపటలం, రక్తపటలం, నేత్రపటలం అనే పేర్లలో ఉన్నది ఆ మాటే. రక్తనాళాల గోడల మూడు పొరలకు వైద్య విద్యార్థులు బట్టీపట్టే తునికా ఇంటిమా, తునికా మీడియా, తునికా అడ్వెంటీషియా పేర్లలోనూ అదే పాత అంగీ ఉంది.

కైటన్ అనే సముద్ర ప్రాణికి ఈ పేరు ఎందుకు వచ్చింది?

1758లో లినేయస్ ఈ ప్రజాతికి కైటన్ అని పేరుపెట్టాడు. ఇది నత్తలు, ఆల్చిప్పలు ఉన్న మొలస్కా వర్గానికి చెందినది. అలలు కొట్టే రాళ్లను అంటిపెట్టుకుని ఉంటుంది. వీపు మీద ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కి ఉండే ఎనిమిది పలకలు, వాటి చుట్టూ కండగల అంచు ఉంటాయి. రాయి మీద నుంచి ఊడదీస్తే అలుగులా చుట్టుకుపోతుంది. హోమర్ చెప్పిన కంచు ఖితోన్‌కు ఇంతకంటే తగిన వారసుడు దొరకడు.

పసిఫిక్ తీరంలోని క్రిప్టోకైటన్ 30 సెం.మీ. దాటి పెరుగుతుంది, దాని పలకలు పూర్తిగా చర్మం కిందే దాగి ఉంటాయి. కైటన్ నాలుక మీది పళ్లు ఇంకా ఆశ్చర్యకరమైనవి. వాటికి పూతగా ఉన్నది మాగ్నటైట్, అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. 1962లో హైన్జ్ లోవెన్‌స్టామ్ ఈ సంగతి బయటపెట్టాడు. రాతి మీది నాచును గీకి తినడానికి ఆ గట్టి పళ్లు అవసరం.

కైటన్ పెంకు కైటిన్‌తో తయారవుతుందా?

లేదు. పరీక్షల్లో చాలామంది తడబడే చోటు ఇది. కైటన్ పలకలు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దాని పళ్ల లోపలి చట్రంలో కైటిన్ ఉంది కానీ పేరు అందువల్ల రాలేదు. రెండు పేర్లూ ఖితోన్ నుంచి విడివిడిగా పుట్టాయి.

మరి కైటిన్ అంటే ఏమిటి? ఎవరు పేరు పెట్టారు?

కీటకాలు, రొయ్యలు, పీతలు, సాలీళ్ల పైతొడుగులోనూ, పుట్టగొడుగుల కణ గోడల్లోనూ ఉండే గట్టి పదార్థం. గ్లూకోజ్ నుంచి వచ్చిన నత్రజని గల చక్కెర అణువులు గొలుసుగా పేరుకుంటే కైటిన్. ప్రకృతిలో సెల్యులోజ్ తర్వాత ఎక్కువగా తయారయ్యే పాలిమర్ ఇదేనంటారు.

1811లో ఫ్రాన్స్‌లో ఆన్రీ బ్రాకొనో పుట్టగొడుగుల నుంచి దీన్ని వేరుచేసి ఫంగీన్ అన్నాడు. 1823లో ఓగ్యుస్త్ ఒడియే పెంకుపురుగుల రెక్కల తొడుగుల్లో దీన్ని చూసి కైటిన్ అని పేరు మార్చాడు. ముందు పెట్టిన పేరు నిలవలేదు. నిజానికి ఒడియే పేరే సరైనది. ఈ పదార్థం చేసే పని ఒంటిని కప్పడమే.

రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ ఏమిటి?

1859లో షార్ల్ రూజే కైటిన్‌ను గాఢమైన క్షారంలో మరిగిస్తే ఆమ్లాల్లో కరిగే పదార్థంగా మారుతుందని గమనించాడు. 1894లో హొప్పె-జైలర్ దానికి కైటోసాన్ అని పేరుపెట్టాడు. నేటికీ పద్ధతి మూలంలో అదే. పొట్టును ముందు ఆమ్లంతో కడిగి ఖనిజాలు తీస్తారు, క్షారంతో మాంసకృత్తులు తీస్తారు, మిగిలిన కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తారు.

దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఎగుమతికి తల, పొట్టు తీసేస్తే రొయ్య బరువులో సగానికి దగ్గరగా వ్యర్థంగా మిగులుతుంది. ఆ వ్యర్థాన్ని కాలువల పాలు చేయడం నన్ను బాధపెడుతుంది. రక్తస్రావాన్ని ఆపే కట్లు, నీటి శుద్ధి, పంటలకు వాడే ద్రావణాలు, ఇన్నిటికి పనికొచ్చే సరుకు అది. బరువు తగ్గుతుందంటూ అమ్మే కైటోసాన్ మాత్రల విషయం వేరు. పరీక్షల్లో వాటి ప్రభావం చెప్పుకోదగినంతగా కనబడలేదు.

వరి పొలంలో సుడిదోమకు కొట్టే మందుకూ కైటిన్‌కూ సంబంధం ఏమిటి?

బుప్రోఫెజిన్ కైటిన్ తయారీని అడ్డుకునే మందు. పిల్లపురుగు పెరగాలంటే పాత తొడుగు విడిచి కొత్తది కట్టుకోవాలి. కొత్త తొడుగుకు కైటిన్ లేకపోతే కుబుసం విడిచే సమయంలోనే చనిపోతుంది. అందుకే ఈ మందు కొట్టిన రోజే దోమ రాలదు, రెక్కలొచ్చిన పెద్ద దోమను నేరుగా చంపదు కూడా. పిల్లపురుగుల దశలోనే, దుబ్బు మొదళ్లు తడిసేలా పిచికారీ చేయాలి. మనుషుల్లో, పశువుల్లో కైటిన్ తయారీ లేదు కాబట్టి ఈ తరహా మందులు పురుగుల మీదే గురిగా పనిచేస్తాయి. రొయ్యలకు, పీతలకు మాత్రం కైటినే తొడుగు. చెరువుల పక్కన వరి వేసే గోదావరి, కృష్ణా డెల్టా రైతులు పిచికారీ చేసిన పొలం నీటిని రొయ్యల చెరువులోకి పోనివ్వకూడదు.

క్లామిడియా, జోన్ అనే మాటలు కూడా గ్రీకు దుస్తులవేనా?

రెండూ అవే. క్లామిస్ నుంచి క్లామిడియా అనే సూక్ష్మజీవి పేరు. 1907లో హాల్బర్‌స్టేటర్, ప్రోవాజెక్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, కణ కేంద్రకం మీద పైబట్ట కప్పినట్టు అది కనిపించింది. జోనే అంటే ఖితోన్ మీది నడికట్టు. భూగోళాన్ని శీతల, ఉష్ణ మండలాలుగా చుట్టిన పట్టీలకు గ్రీకులు ఆ పేరు పెట్టారు. రైల్వే జోన్ దాకా వచ్చినది ఆ నడికట్టే.